హఫీజ్‌పేట రాకముందు ఓ గుట్ట!

‘రైలు సిమ్యులేటర్‌లో సొంతంగా ఓ టూరిస్టు రూట్ తయారు చేస్తున్నా’ అని చెబితే ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: ‘అరకు చెయ్యి బ్రో!’

వాళ్లన్నదీ నిజమే. నాది కొత్తవలస. అరకు లైన్ విడిపోయేది మా ఊళ్లోనే. 58 సొరంగాలు, బొర్రా గుహలు, 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె... టూరిస్టు రైలుకి ఇంకేం కావాలి? కానీ నేను ఎంచుకున్నది నాంపల్లి–లింగంపల్లి. అవును, రోజూ మనం బ్యాగు ముందుకి తగిలించుకుని, ఒంటికాలి మీద నిలబడి వెళ్లే ఎంఎంటీఎస్ లైనే.

‘అందులో చూడ్డానికేముందిరా, బోరబండా?’ అని పగలబడి నవ్వారు.

ఏముందో నిజానికి అప్పటికి నాకూ తెలీదు. తెలిశాక, మూడు వారాలు కూర్చుని కట్టిన ఓ స్టేషన్‌ని నా చేతులతో నేనే డిలీట్ చేసుకోవాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

హైటెక్ సిటీ కన్నా 124 ఏళ్లు పెద్దది

సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. మనం రోజూ వెళ్లే రైలు మార్గం మాత్రం 1874 నాటిది. నిజాం సొమ్ముతో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వేసిన లైన్. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు మార్గంతో కలిసేది. అంటే మాదాపూర్‌లో మొదటి కంప్యూటర్ ఆన్ అవ్వడానికి చాలా చాలా ముందే, ఇక్కడి బండరాళ్ల మధ్యనుంచి బొగ్గు ఇంజిను పొగ వదులుకుంటూ వెళ్లింది.

ఇది చదివిన రోజే అనుకున్నా. ఈ లైన్ మీద ఓ టూరిస్టు రైలు నడపాలి. ముందు బొగ్గు ఇంజిను, వెనక పెద్ద కిటికీలున్న అయిదు పెట్టెలు. నిజంగా నడపలేం కాబట్టి కంప్యూటర్‌లో.

ఫోన్‌లో రైలు ఆటలు మీరూ ఆడే ఉంటారు. అక్కడ ఎవరో వేసిన పట్టాల మీద మనం రైలు నడుపుతాం. నేను చెప్పేది ఆ పట్టాలు వేసే పని గురించి. 2001లో మైక్రోసాఫ్ట్ ‘ట్రెయిన్ సిమ్యులేటర్’ అని ఒకటి తెచ్చింది. ఇప్పుడు ఆ ఫైళ్లన్నీ ‘ఓపెన్ రెయిల్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. రూట్ తయారీకి కూడా ఉచిత ఎడిటర్లున్నాయి. కావాల్సిందల్లా ఓ మోస్తరు ల్యాప్‌టాప్, బోలెడంత ఓపిక.

ఇందులో భూమి అంతా చదరపు పలకలుగా ఉంటుంది. ఒక్కో పలక పొడవు, వెడల్పు 2,048 మీటర్లు. పలక మీద 8 మీటర్లకొకటి చొప్పున చుక్కలు. ప్రతి చుక్కకీ ఓ ఎత్తు ఇస్తే నేల లేస్తుంది, వంగుతుంది. దాని మీద పట్టాలు పరచాలి. ఇక్కడో చిక్కు. సిమ్యులేటర్‌తో వచ్చే పట్టాలు 1,435 మిల్లీమీటర్ల గేజివి. మన బ్రాడ్‌గేజ్ 1,676. ఆ 241 మిల్లీమీటర్లు పట్టించుకోకపోతే మన రైలు సన్నటి పట్టాల మీద సర్కస్ చేస్తున్నట్టు ఉంటుంది. అందుకని బ్రాడ్‌గేజ్ పట్టాలు వేరేగా పెట్టుకోవాల్సొచ్చింది.

మిగతా కొలతల కోసం రెండు నెలలు ఎంఎంటీఎస్ కిటికీ పక్కన సీటు పట్టి ఫోన్‌లో వీడియోలు తీశా. లైన్ పక్కన కరెంటు స్తంభాలు లెక్కపెట్టా. రెండు స్తంభాల మధ్య దూరం 72 మీటర్లకి మించదు, మలుపుల్లో ఇంకా తగ్గుతుంది. పట్టాల పక్కన చిన్న గ్రేడియంట్ రాయి మీద 200 అని ఉంటే, 200 మీటర్లకి ఒక మీటరు ఎక్కుతున్నామని అర్థం. ఈ లెక్కలన్నీ తెలిశాక అదే ప్రయాణం వేరేగా కనిపించడం మొదలైంది. రీల్స్ చూడ్డం కూడా తగ్గింది!

అపార్ట్‌మెంట్ మునిగిపోయింది

అన్నిటికంటే ముందు నేను మోడల్ చేసింది హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్. దీని పేరూ మెట్రో స్టేషన్ పేరూ ఒకటే గానీ రెండూ ఒకచోట ఉండవు. కొత్తగా వచ్చినవాళ్లు ఒకదాంట్లో దిగి రెండోదాని కోసం వెతకడం ఇక్కడ మామూలే. ప్లాట్‌ఫాం, బోర్డు, మెట్లు అన్నీ కుదిరాయి. ఆ హుషారులో, లైన్‌కి దగ్గర్లోనే ఉంది కదా అని నేను అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు కూడా పెట్టా.

పెట్టగానే అది సగం భూమిలోకి దిగిపోయింది. కింది ఆరంతస్తులూ మాయం!

కోఆర్డినేట్లు చూశా, సరిగ్గానే ఉన్నాయి. ఫైల్ మళ్లీ లోడ్ చేశా, అంతే. మా బ్లాకు ఉండాల్సిన చోట ఓ గుట్ట ఉంది. డేటా తప్పయ్యుంటుందనుకున్నా. ఎడిటర్లో నేలని చదును చేసే బ్రష్ ఉంటుంది. మౌస్ అలా తిప్పితే చాలు, కొండైనా మైదానమైపోతుంది. బ్రష్ తీసుకున్నా. ఇంతలో తలుపు చప్పుడు.

మా వాచ్‌మన్ కాకా. కింద గేటు దగ్గర పార్శిల్ ఉండిపోతే తెచ్చిచ్చాడు. అరవై దాటిన మనిషి. పదో అంతస్తుకి లిఫ్టులో వచ్చినా ఆయాసపడుతున్నాడు. లోపలికొచ్చి కూర్చోమని నీళ్లిచ్చా. తాగుతూ స్క్రీన్ వైపు చూశాడు.

‘‘గిదేంది సారూ, సిన్మానా?’’

‘‘రైలు గేమ్ కాకా. ఇదిగో మన లైన్. ఇక్కడ మన బిల్డింగ్ పెడితే మునిగిపోతోంది. ఈ గుట్ట తప్పుగా వచ్చినట్టుంది. తీసేస్తున్నా.’’

కాకా గ్లాసు కింద పెట్టాడు. స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి వేలితో లైన్ వెంట ఓసారి గీశాడు. మళ్లీ వెనక్కొచ్చి గుట్ట మీద ఆపాడు.

‘‘తీయకు సారూ. గుట్ట సక్కగనే ఉన్నది. బిల్డింగే ఎనకొచ్చింది.’’

అంతరిక్షం నుంచి తీసిన ఫొటో లాంటిది

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను వాడిన ఎత్తుల ఫైలు ఎక్కడిదో వెతికా. 2000 ఫిబ్రవరి 11న ఎండీవర్ అనే స్పేస్ షటిల్ పైకెళ్లింది. దాని పక్కనుంచి 60 మీటర్ల పొడవైన చెయ్యి ఒకటి బయటికి చాచి, దాని చివర రెండో రాడార్ యాంటెన్నా పెట్టారు. మన రెండు కళ్లకి లోతు తెలిసినట్టే, రెండు యాంటెన్నాలతో ఎత్తు తెలుస్తుంది. అలా 11 రోజుల్లో భూమ్మీది నేలలో దాదాపు 80 శాతానికి ఎత్తులు కొలిచారు. 30 మీటర్లకొక చుక్క. ఆ డేటా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

అంటే నా సిమ్యులేటర్‌లో ఉన్నది ఇవాళ్టి సైబరాబాద్ కాదు. 2000 ఫిబ్రవరి నాటి సైబరాబాద్. సైబర్ టవర్స్ మొదలై ఏడాది పైచిలుకు అంతే. గుట్టలు చాలావరకు ఇంకా గుట్టలుగానే ఉన్న రోజులు.

అనుమానం తీరక ఇంకో డేటా తెచ్చా. 2011 నుంచి 2015 మధ్య జర్మనీ జంట ఉపగ్రహాలు కొలిచిన ఎత్తులతో చేసిన ‘కోపర్నికస్’ మ్యాపు. రెండూ పక్కపక్కన పెట్టా. మొదటిదాంట్లో గుట్ట ఉంది. రెండోదాంట్లో అదే చోట అరచేయిలా చదును. మా బ్లాకు కట్టింది ఆ తర్వాత.

ఇక్కడి రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్ల కంటే పదింతలు పాతది. ఊళ్ల పేర్లు చూడండి... కొండాపూర్, గుట్టల బేగంపేట, రాయదుర్గం, బంజారాహిల్స్. మనం రోజూ క్యాబ్ యాప్‌లో టైప్ చేసే ఈ పేర్లన్నిట్లో ఓ గుట్టో కొండో దాక్కుని ఉంది. ఈ బండల్ని కాపాడాలని 1996లోనే ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని ఓ సంస్థ కూడా మొదలైంది. హెచ్‌సీయూ క్యాంపస్‌లోని పుట్టగొడుగు రాయి, ఖాజాగూడ గుట్టలు చూస్తే మన ఆఫీసుల కింద ఏముండేదో ఊహించుకోవచ్చు.

‘‘గుట్ట మాది కాదు, మేకలు మావి’’

మర్నాడు రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి, గేటు దగ్గర కాకా గదికెళ్లా. విజిటర్స్ రిజిస్టర్ వెనక పేజీ తిప్పి పెన్ను చేతికిచ్చా.

‘‘గుట్ట ఎట్లా ఉండేదో గియ్యి కాకా.’’

30 మీటర్లకొక చుక్క అంటే బండరాళ్లు విడిగా కనపడవు. నా గుట్ట కుండ బోర్లించినట్టు నున్నగా ఉంది. కాకా గీసింది వేరు. తూర్పు వైపు నిట్టనిలువుగా కోసినట్టుండే బండ. పైన మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి. పై రాయి ఇప్పుడో ఇంకాసేపటికో పడేట్టు ఉండేదట. ‘‘మా తాత గిట్లనే అన్నడు, పడ్తది పడ్తదని. ఆయన పాయె, రాయి ఆడ్నే ఉండె.’’ రాళ్ల మధ్య ఓ గుండం. వానాకాలం నిండితే ఉగాది దాకా మేకలకి నీళ్లకు లోటు లేదు. చుట్టూ సీతాఫలం చెట్లు, తంగేడు. వేపచెట్టు కింద పసుపు పూసిన మైసమ్మ రాయి.

‘‘మీ భూమి ఏమన్నా పోయిందా కాకా?’’ అనడిగా.

‘‘గుట్ట మాది కాదు సారూ. మేకలు మావి.’’ కాసేపాగి అన్నాడు. ‘‘మాదని కాయితం ఉంటె పైసలన్న వస్తుండె.’’

డ్రిల్లింగు మిషన్లు వచ్చాయి. తర్వాత మందు పెట్టి పేల్చారు. రాళ్లు లారీల్లో క్రషర్‌కి వెళ్లాయి. ‘‘మొత్తం కంకర అయిపాయె’’ అన్నాడు. రైలు పట్టాల కింద పరిచేది కూడా ఇలా కొట్టిన రాయే, సుమారు 50 మిల్లీమీటర్ల సైజు ముక్కలు. సిమ్యులేటర్‌లో పట్టాల కింద నేను అతికించిన కంకర బొమ్మ గుర్తొచ్చి మాట్లాడలేకపోయా.

‘‘మరి మైసమ్మ?’’

కాకా చెయ్యెత్తి గేటు పక్కకి చూపించాడు. జనరేటర్ గది ముందు టైల్స్ వేసిన బుల్లి గుడి. రెండేళ్లుగా ఫుడ్ డెలివరీ వాళ్లకి నేను చెప్పే గుర్తు, ‘గుడి పక్క గేటు’. అందులో ఉన్నది గుట్ట మీది రాయేనట. పేల్చే ముందు కాకా, ఇంకో ఇద్దరు కలిసి కిందికి దించారు.

ల్యాప్‌టాప్ మూస్తుంటే మెల్లగా అన్నాడు. ‘‘జల్ది చెయ్యి సారూ. ఏజెన్సోల్లు నాకు వయసయిపాయె అంటున్నరు. గీ నెలాఖరు దాంకనే నా డ్యూటీ.’’

క్యాలెండర్ చూశా. పదహారు రాత్రులున్నాయి.

ఏ సంవత్సరం ఆపాలి?

రూట్ చేసేవాళ్లు ముందుగా ఓ తేదీ అనుకోవాలి. ఆ తేదీన లేనిది రూట్‌లో ఉండకూడదు. నేను ఏ తేదీ అనుకోకుండానే మొదలుపెట్టా. ఇప్పుడు తేల్చుకోవాల్సొచ్చింది.

గుట్ట ఉండాలంటే 2000 ఫిబ్రవరి. కానీ ఎంఎంటీఎస్ వచ్చింది 2003 ఆగస్టులో. హైటెక్ సిటీ స్టేషన్ దాంతోపాటు వచ్చిందే. అంటే గుట్టా స్టేషనూ రెండూ ఒక రూట్‌లో ఉండవు. మూడు వారాల కష్టం కళ్ల ముందుంది. బోర్డు మీద అక్షరాలు కూడా మూడు భాషల్లో ఒక్కొక్కటీ దిద్దుకున్నా.

రెండూ ఉంచేస్తే ఎవడడుగుతాడు అనిపించింది. కాకా అడగడు. కానీ ఆ గుట్ట ఎప్పుడో నిజంగా అక్కడ ఉంది అని చెప్పాలంటే, పక్కనున్నదంతా కూడా నిజమై ఉండాలి. లేకపోతే అది గేములో అలంకారం అయిపోతుంది. స్టేషన్ సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కా.

తర్వాత వరసగా తీసేశా. ఎంఎంటీఎస్ కోసం వేసిన కరెంటు స్తంభాలు, భరత్‌నగర్ దగ్గర 2017లో మొదలైన మెట్రో వంతెన, దూరంగా కనిపించే అద్దాల టవర్లు. బదులుగా బేగంపేట విమానాశ్రయంలో విమానాలు పెట్టా. 2008 మార్చి దాకా ఊరి విమానాలన్నీ అక్కడే దిగేవి కదా. బొగ్గు ఇంజిను మాత్రం ఉంచుకున్నా. టూరిస్టు రైలు కాబట్టి ఆ ఒక్క స్వేచ్ఛ!

పదహారు రాత్రుల్లో అన్నీ అవ్వవు. ఖైరతాబాద్ సగంలో వదిలేశా. లక్డీకాపూల్‌లో ఇళ్లకి కిటికీలు లేవు. చేసిందల్లా గుట్ట. ప్రతి రాత్రీ ఆఫీసు నుంచి రాగానే గేటు గదిలో కూర్చోవడం, కాకా ‘‘ఇంక జర ఎత్తు’’ అంటే ఎత్తడం, ‘‘గా చెట్టు గాడ కాదు’’ అంటే జరపడం. మూడు రాళ్లకే నాలుగు రాత్రులు పట్టింది.

నాంపల్లి నుంచి మొదటి రైలు

నెలాఖరు రాత్రి, పదకొండు. గేటు గదిలో టేబుల్ మీద ల్యాప్‌టాప్. కాకా యూనిఫాం మీదే ఉన్నాడు. నాంపల్లి, 1907లో కట్టిన స్టేషన్. కూత వేసి బయల్దేరాం.

హుస్సేన్‌సాగర్ పక్కకి రాగానే కాకా లేచి నిలబడ్డాడు. 1562 నాటి చెరువు, మధ్యలో 1992లో నిలబెట్టిన బుద్ధుడు. బేగంపేటలో ఓ విమానం నెత్తి మీంచి దిగింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలు దాటాం. బోరబండ వెళ్లాక ఇళ్లు పలచబడ్డాయి. స్తంభాల్లేవు, తీగల్లేవు. రాళ్లు మొదలయ్యాయి. ఎడమ వైపు తంగేడు పూలు, వాటి వెనక మూడు రాళ్లు.

వచ్చింది, వెళ్లిపోయింది. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో 300 మీటర్లు దాటడానికి 13 సెకన్లు చాలు.

‘‘గీడ ఆగదా?’’ అన్నాడు కాకా.

‘‘స్టేషన్ లేదు కాకా. అప్పటికి ఇంకా కట్టలేదు.’’

‘‘ఆగకుంటె మాయె. జర మెల్లగ పోనియ్.’’

రైల్వేలో దీనికో పద్ధతుంది. లైన్ మీద ఎక్కడైనా జాగ్రత్తగా వెళ్లాల్సి ఉంటే డ్రైవర్‌కి కాషన్ ఆర్డర్ ఇస్తారు. ముందు ఓ హెచ్చరిక బోర్డు, తర్వాత వేగం బోర్డు, అది దాటాక వేగం పెంచుకోవచ్చని చెప్పే బోర్డు. అక్కడే కూర్చుని మూడూ పాతాను. వేగం: 10. మళ్లీ బోరబండ నుంచి బయల్దేరాం. ఈసారి గుట్ట దాటడానికి దాదాపు రెండు నిమిషాలు పట్టింది. ఇంజిను చప్పుడు తప్ప ఏం లేదు. వేపచెట్టు దగ్గరికి రాగానే కాకా రెండు చేతులూ జోడించాడు. తర్వాత ‘‘ఇంకోపారి’’ అన్నాడు. అలా అయిదుసార్లు తిప్పాం. మధ్యలో రెండు కార్లు హారన్ కొడితే గేటు నేనే తీశా.

ఇప్పుడు గేటు దగ్గర కొత్త కుర్రాడున్నాడు. గుడి ముందు దీపం మాత్రం ఇంకా ఎవరో పెడుతున్నారు.

రూట్ ఇంకా పూర్తవ్వలేదు. లక్డీకాపూల్ ఇళ్లకి కిటికీలు పెట్టాలి. అరకు చెయ్యమనే వాళ్లకి, అది అక్కడే ఉంటుంది, తొందరేం లేదని చెబుతున్నా. మీకూ చెయ్యాలనిపిస్తే మీ ఊరి దగ్గరి పదీ పదిహేను కిలోమీటర్ల లైన్‌తో మొదలుపెట్టండి. 2000 నాటి ఎత్తుల ఫైలు లోడ్ చెయ్యండి. ఏదైనా చోట నేల తప్పుగా కనిపిస్తే వెంటనే చదును చెయ్యకండి. ముందు ఆ ఊళ్లో పెద్దవాళ్లెవరికైనా చూపించండి.

కాకా మనవడి ఫోన్‌కి ఆ రెండు నిమిషాల రైలు ప్రయాణం వీడియో తీసి పంపా. మొన్న రాత్రి ఫోనొచ్చింది. బాగున్నావా అనైనా అడగలేదు.

‘‘సారూ, గుండం తప్పు పెట్టినవ్. మూడు రాళ్లకు గీ దిక్కు కాదు, గా దిక్కు.’’

రిజిస్టర్ వెనక పేజీ తీసి చూశా. ఆయన గీసిందీ నేను పెట్టినవైపే ఉంది. ఆ మాట చెప్పలేదు. ఈ ఆదివారం మార్చాలి.